రాడార్ బొమ్మ, మోడల్ పటం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వాతావరణాన్ని సొంతంగా చదవడం ఎలా?

కోసిన వరి ఇంకా పనల మీదే ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని వార్త వచ్చింది. ఈ రాత్రికే కుప్ప వేయించాలా, ఇంకో రెండు రోజులు ఆరనివ్వవచ్చా? "ఉత్తర కోస్తాలో అక్కడక్కడ ఓ మోస్తరు వర్షాలు" అన్న ప్రకటన ఈ ప్రశ్నను తేల్చదు. శృంగవరపుకోటకూ ఇచ్ఛాపురానికీ మధ్య దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరం ఉంది. ఒకచోట కుండపోతగా కురుస్తుంటే మరోచోట ఎండ కాస్తుంది. మన చేను ఆ "అక్కడక్కడ"లో ఉందో లేదో మనమే తెలుసుకోవాలి. అందుకు కావలసిన రాడార్ చిత్రాలు, మోడళ్ల పటాలు ఇప్పుడు ఫోనులో ఉచితంగానే దొరుకుతున్నాయి. వాటిని చదవడం ఒక సీజన్ శ్రద్ధ పెడితే ఎవరికైనా వస్తుంది.

రాడార్ ఇప్పుడు ఆకాశంలో ఏముందో చూపిస్తుంది. దాని సాయంతో వచ్చే గంట, రెండు గంటల సంగతి చెప్పవచ్చు. మోడల్ అంటే కంప్యూటర్ అంచనా, రేపు, ఎల్లుండి ఏం జరగవచ్చో లెక్కగట్టి చెబుతుంది. ఈ సాయంత్రం వానకు మోడల్‌నూ, వారం తర్వాతి తుపానుకు రాడార్‌నూ అడిగితే రెండూ తప్పుదారి పట్టిస్తాయి.

మనం నేర్చుకునేది మన పనులు చక్కబెట్టుకోవడానికి మాత్రమే. తుపాను హెచ్చరికలు భారత వాతావరణ శాఖ ఇస్తుంది. ఖాళీ చేయమనే ఆదేశం రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ, జిల్లా యంత్రాంగం నుంచి వస్తుంది. వాళ్లు బయలుదేరమన్నప్పుడు బయలుదేరాలి. రాడార్ బొమ్మలో మన ఊరి మీద రంగు లేదని ఇంట్లో కూర్చోకూడదు.

మొదటి మెట్టు: మీ ఊరికి ఏ రాడార్ దగ్గరో చూసుకోండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

మన రెండు జిల్లాలకు ఉపయోగపడే డాప్లర్ రాడార్లు రెండు. ఒకటి విశాఖపట్నంలో కైలాసగిరి మీద, రెండోది ఒడిశాలోని గోపాల్‌పూర్‌లో ఉంది. వాతావరణ శాఖ వెబ్‌సైటులోని రాడార్ విభాగంలో రెండింటి చిత్రాలూ కనిపిస్తాయి. కైలాసగిరి నుంచి విజయనగరం గీత గీసినట్టు కొలిస్తే దాదాపు 40 కిలోమీటర్లు, శ్రీకాకుళం 85, పార్వతీపురం 115, పలాస 160, ఇచ్ఛాపురం 200 పైచిలుకు. గోపాల్‌పూర్ నుంచి చూస్తే ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లే, పలాస 70 చిల్లర.

ఈ దూరం ఎందుకు ముఖ్యమంటే, రాడార్ కిరణం నేలను అంటిపెట్టుకుని పోదు. కాస్త పైకి ఎక్కుపెట్టి వదులుతారు, పైగా దూరం వెళ్లేకొద్దీ భూమి కిందికి వంగిపోతుంది. అరడిగ్రీ కోణంలో వదిలిన కిరణం 100 కిలోమీటర్ల దగ్గర దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. 160 దగ్గర మూడు కిలోమీటర్లు, 200 దగ్గర నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. టార్చిలైటు వెలుతురులాగా వెడల్పు కూడా పెరుగుతుంది. ఒక డిగ్రీ వెడల్పున్న కిరణం 200 కిలోమీటర్ల దగ్గర మూడున్నర కిలోమీటర్ల మందానికి పరుచుకుంటుంది.

ఇక ఆగస్టు ముసురును తలచుకోండి. దాని మేఘాలు చాలావరకు తక్కువ ఎత్తులోనే ఉంటాయి. ఇచ్ఛాపురం దగ్గరి కవిటిలో రోజంతా జల్లు పడుతున్నా విశాఖ రాడార్ కిరణం ఆ మేఘాల నెత్తిమీదుగా వెళ్లిపోతుంది, బొమ్మ ఖాళీగా కనిపిస్తుంది. అది రాడార్ లోపం కాదు. అంత దూరానికి ఆ రాడార్‌ను అడగకూడదు. అందుకే పలాస, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపువాళ్లు ముందుగా గోపాల్‌పూర్ చూడాలి. విజయనగరం జిల్లావాళ్లకు, శ్రీకాకుళం పట్టణం చుట్టుపక్కలవారికి విశాఖ రాడార్ సరిపోతుంది. టెక్కలి, నరసన్నపేట వాళ్లు రెండూ తెరవడం మంచిది.

రెండో మెట్టు: బొమ్మ మీద వేళ చూడండి

రంగులు చూసే ముందు వేళ చూడాలి. చిత్రం మీద యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం) అని ఉంటే దానికి ఐదున్నర గంటలు కలపండి. 1030 అని ఉంటే మనకు సాయంత్రం నాలుగు. రాడార్ ఒక చుట్టు పూర్తిచేసి బొమ్మ మన ఫోనుకు చేరేసరికి పది, పదిహేను నిమిషాలు గడిచిపోతాయి. ఒక్కోసారి చిత్రం గంటల తరబడి మారకుండా ఉండిపోతుంది కూడా. పాత బొమ్మను చూసి "మబ్బు పోయింది" అనుకుంటే పిడుగుల వేళ అది ప్రమాదం.

మూడో మెట్టు: రంగుల వెనుక అంకెలు

రంగులు చూపేది మేఘాన్ని కాదు. గాలిలోని చినుకుల మీద పడి తిరిగివచ్చిన తరంగాల బలాన్ని చూపుతాయి. దాని కొలత డీబీజెడ్. ఒక్కో వెబ్‌సైటు ఒక్కో రంగు వాడుతుంది కాబట్టి రంగు గుర్తుపెట్టుకోవద్దు, పక్కనున్న పట్టీలోని అంకె చూడండి. 20 అంటే నేల తడిసీ తడవని తుంపర. 30 అంటే గంటకు రెండు మూడు మిల్లీమీటర్ల వాన. 40 అంటే గంటకు 10 నుంచి 20 మిల్లీమీటర్లు, గొడుగు చాలదు. 50 దాటితే చూరు నీళ్లు ధారకట్టే వాన, గంటకు 50 మిల్లీమీటర్లకు అటూఇటూ. 55 పైన కనిపిస్తే వడగళ్లు ఉండే అవకాశం ఉంది. వడగళ్లు తరంగాలను ఎక్కువగా తిప్పికొడతాయి కాబట్టి అక్కడ అంకెను నేరుగా వానగా మార్చుకోకూడదు.

వాతావరణ శాఖ ఇచ్చే చిత్రాల్లో కొత్తవారికి మ్యాక్స్ జెడ్ అన్నది బాగా పనికొస్తుంది. అన్ని కోణాల్లోనూ కనిపించిన అత్యధిక విలువను అది ఒకే పటంగా చూపుతుంది. దాని పైభాగంలోనూ కుడివైపునా సన్నని పట్టీలు ఉంటాయి. చాలామంది వాటిని చూడరు. అవి మేఘాన్ని పక్కనుంచి చూపే బొమ్మలు, ఎత్తు కిలోమీటర్లలో ఉంటుంది. పటంలో ఒకేలా పసుపుపచ్చగా కనిపించే రెండు మచ్చల్లో ఒకటి పట్టీలో ఆరు కిలోమీటర్ల దగ్గర ఆగిపోవచ్చు, రెండోది పద్నాలుగు, పదిహేను దాకా లేచి ఉండవచ్చు. మొదటిది కురిసిపోయే వాన. రెండోది ఉరుములు, పిడుగులు, ఈదురుగాలులు మోసుకొచ్చే మేఘం. మామిడి తోటలో మనుషులు పనిచేస్తున్నప్పుడు ఆ పట్టీని చూడకుండా నిర్ణయం తీసుకోవద్దు.

మ్యాక్స్ జెడ్‌కు ఒక బలహీనత ఉంది. పైనెక్కడో పుట్టి, నేల చేరకముందే గాలిలో ఆవిరైపోయే వానను కూడా అది రంగుగా చూపిస్తుంది. అనుమానం వస్తే కింది కోణం ఒక్కటే చూపే పీపీఐ చిత్రంతో పోల్చండి.

నాలుగో మెట్టు: కదలికను కొలవండి

ఒక్క బొమ్మతో ఏమీ తేలదు. అరగంట తేడాతో రెండు బొమ్మలు కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కోరాపుట్, రాయగడ కొండల మీద మేఘాలు లేస్తాయి. పై గాలులు పడమర, వాయవ్యం నుంచి వీస్తుంటే అవి సాయంత్రానికి మన మైదానాల మీదికి దిగుతాయి. 4 గంటల బొమ్మలో మేఘం ముందు అంచు పార్వతీపురం మీద ఉందనుకుందాం. 4:30 బొమ్మలో అది పాలకొండ వైపు 20 కిలోమీటర్లు జరిగింది. అంటే వేగం గంటకు 40 కిలోమీటర్లు. పాలకొండకు మిగిలింది మరో 20 కిలోమీటర్లు, కాబట్టి 5 గంటలకు అక్కడ ఉంటుంది. పాలకొండ నుంచి శ్రీకాకుళం 37 కిలోమీటర్లు, అంటే అక్కడికి 6 గంటల ప్రాంతంలో చేరుతుంది.

బొమ్మ పాతదని మరచిపోకుండా మీకు మిగిలిన వ్యవధిలోంచి పావుగంట తగ్గించుకోండి. మేఘం కన్నా ముందు దాని కింది నుంచి చల్లని ఈదురుగాలి పరుగెత్తుకొస్తుంది, అందుకు మరో పావుగంట. ఇక మేఘం దారిలో బతుకుతుందా లేదా అన్నది వరసగా మూడు నాలుగు బొమ్మల్లో తెలుస్తుంది. మధ్యలోని ఎరుపు పెరుగుతూ, ముందు అంచు పదునుగా ఉంటే అది ఇంకా బలపడుతోంది. ఎరుపు చిన్నదై చుట్టూ లేత రంగు చెదిరిపోతుంటే దాని పని అయిపోతోంది. ఒక్కోసారి పాత మేఘం చచ్చిపోతూ, దాని చల్లగాలి సముద్రపు గాలిని ఢీకొన్నచోట కొత్తది పుట్టిస్తుంది. తీరానికి సమాంతరంగా అకస్మాత్తుగా మచ్చలు లేస్తే కారణం చాలాసార్లు అదే. ఇలాంటప్పుడు కదలిక లెక్క పనిచేయదు, ప్రతి కొత్త బొమ్మనూ చూడాల్సిందే.

ఈ కాలంలో దామిని యాప్ కూడా ఫోనులో ఉండాలి. మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. ఉరుము వినిపించిన తర్వాత రాడార్ చూస్తూ చెట్టుకింద నిలబడటం కన్నా పక్కా ఇంట్లోకి వెళ్లడం ముఖ్యం.

ఐదో మెట్టు: గాలి చిత్రం, మన ఊరికున్న చిక్కు

డాప్లర్ రాడార్ చినుకుల వేగాన్నీ కొలుస్తుంది. పీపీఐ వి అనే చిత్రంలో రాడార్ వైపు వచ్చే గాలికి ఒక రంగు, దూరంగా పోయే గాలికి మరో రంగు ఉంటాయి. రుణ సంఖ్య అంటే రాడార్ వైపు వస్తోంది, ధన సంఖ్య అంటే దూరమవుతోంది. సున్నా చూసి గాలి లేదనుకోకూడదు. రాడార్ తనవైపు వచ్చే, తననుంచి పోయే వేగాన్నే కొలవగలదు. అడ్డంగా వీచే గాలి ఎంత బలంగా ఉన్నా దానికి సున్నాగానే కనిపిస్తుంది.

మన పటంలో ఇది పెద్ద విషయం. శ్రీకాకుళం కైలాసగిరికి ఈశాన్యాన ఉంది, గోపాల్‌పూర్‌కు నైరుతిన ఉంది. అంటే రెండు రాడార్లూ శ్రీకాకుళాన్ని ఒకే గీత మీద, ఎదురెదురుగా చూస్తున్నాయి. వేసవి ఈదురుగాలి వచ్చేది ఆ గీతకు అడ్డంగా, వాయవ్యం నుంచి. కాబట్టి శ్రీకాకుళం మీద విరుచుకుపడే వాయవ్యపు గాలిని ఆ రెండు రాడార్ల గాలి చిత్రాలూ సరిగా చూపలేవు. విజయనగరం కైలాసగిరికి దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది. అక్కడ తూర్పు, పడమర గాలులు సున్నాకు దగ్గరగా కనిపిస్తాయి. మీ ఊరు రాడార్‌కు ఏ దిక్కున ఉందో ఒక్కసారి రాసి పెట్టుకుంటే, ఏ గాలిని నమ్మవచ్చో, దేనిని నమ్మకూడదో ఎప్పటికీ గుర్తుంటుంది. ఇలాంటి చోట గాలి చిత్రం కన్నా మేఘం ముందు అంచు వేగమే మంచి ఆధారం.

ఒక రంగు బాగా ముదిరిన చోట ఉన్నట్టుండి పూర్తిగా వ్యతిరేక రంగు వస్తే భయపడకండి. రాడార్ కొలవగలిగే గరిష్ఠ వేగాన్ని గాలి దాటినప్పుడు అంకె తిరగబడుతుంది. చుట్టుపక్కల రంగుతో పోల్చి చదవాలి.

ఆరో మెట్టు: వాన కాని రంగులు

ఎన్ని బొమ్మలు మారినా కదలని మచ్చ కొండది. తూర్పు కనుమలు ఇలాంటి మచ్చలు వేస్తాయి. మబ్బు లేని రోజున ఒకసారి బొమ్మ తీసి దాచుకుంటే ఏవి కొండలో తెలిసిపోతుంది. నిర్మలమైన రాత్రి, తెల్లవారుజామున సముద్రం మీద చుక్కలు చుక్కలుగా రంగులు పరుచుకుంటే చాలావరకు అది కిరణం కిందికి వంగి నీటిని తాకడం వల్ల వచ్చేదే. ఉపగ్రహ చిత్రంలో అక్కడ మేఘం ఉందా చూడండి, లేకపోతే వాన కాదు. రాడార్ నుంచి సూటిగా బయటికి గీసిన చీలికలాంటి రంగు కూడా వాన కాదు. పెద్ద వాన వెనుక ఉన్నట్టుండి ఖాళీ కనిపిస్తే, ముందున్న వాన లేదా కొండ కిరణాన్ని ఆపేసిందేమో ఆలోచించాలి.

ఏడో మెట్టు: మోడల్ ఎప్పటిదో, ఎక్కడిదో

అమెరికా జీఎఫ్‌ఎస్, ఐరోపా ఈసీఎండబ్ల్యూఎఫ్, జర్మనీ ఐకాన్ మోడళ్లు విండీ వంటి యాప్‌లలో దొరుకుతాయి. మన దేశపు మోడళ్ల పటాలు వాతావరణ శాఖ, నోయిడాలోని జాతీయ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం వెబ్‌సైట్లలో ఉంటాయి. ఆరు కిలోమీటర్ల గడులతో పనిచేసే భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ను 2025 మే నెలలో ప్రారంభించారు.

మోడళ్లను ప్రధానంగా 00, 12 యూటీసీలకు నడుపుతారు, అంటే మన ఉదయం 5:30కు, సాయంత్రం 5:30కు. ఫలితం చేతికి రావడానికి మరికొన్ని గంటలు పడుతుంది. ఉదయం ఆరింటికి మీరు చూస్తున్నది నిన్న సాయంత్రపు లెక్క కావచ్చు. పటం మీద ఏ వేళ నడిపినదో రాసి ఉంటుంది, అది చూడకుండా పోల్చడం మొదలుపెట్టవద్దు.

మోడల్ భూమిని గడులుగా విడదీసి ఒక్కో గడికి ఒక్కో విలువ లెక్కిస్తుంది. పది కిలోమీటర్ల గడిలో కొండ శిఖరం, దాని కింది లోయ, పక్కనున్న చేను అన్నీ కలిసి సగటు ఎత్తుగా మారిపోతాయి. 1,501 మీటర్ల మహేంద్రగిరి అలా అణిగిపోతుంది. సముద్రపు తేమగాలి ఆ కొండకు కొట్టుకుని పైకి లేచినప్పుడు కురిసే వానను మోడళ్లు తరచుగా తక్కువ చెబుతాయి. యాప్‌లో మీ ఊరి పేరు పక్కన కనిపించే "12 మి.మీ." మీ ఊరికి ప్రత్యేకంగా లెక్కించినది కాదు, ఆ గడిది. వేసవి మేఘాల విషయంలో మరో అలవాటైన లోపం, వానను చాలా ముందుగా, మధ్యాహ్నమే మొదలుపెట్టేయడం. మోడల్ ఒంటిగంటకు చూపిన ఉరుములవాన మన వైపు నాలుగు, ఆరు మధ్య రావచ్చు. అందుకే ఏ గంటకు అన్నది మోడల్‌ను అడగవద్దు. ఆ రోజు అనుకూలమా కాదా అన్నది మాత్రం అడగండి.

అందుకు వాన పటం ఒక్కటే చాలదు. 850 హెక్టోపాస్కల్ గాలి, అంటే ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున వీచే గాలి, సముద్రం నుంచి తేమ తెస్తోందా చూడండి. 700, 500 హెక్టోపాస్కల్ గాలి, అంటే మూడు, ఆరు కిలోమీటర్ల ఎత్తున వీచేది, మేఘాన్ని ఎటు నడిపిస్తుందో చెబుతుంది. కేప్ అనే విలువ మేఘానికి అందుబాటులో ఉన్న శక్తిని చూపిస్తుంది. 2,000 దాటితే ఇంధనం దండిగా ఉందన్నమాట, కానీ నిప్పురవ్వ పడాలి కదా. ఆ రవ్వ సముద్రపు గాలి అంచు కావచ్చు, కొండ కావచ్చు, ద్రోణి కావచ్చు. అది లేకపోతే కేప్ ఎంత ఉన్నా ఉక్కపోతే మిగులుతుంది.

ఎనిమిదో మెట్టు: ఒక్క గీతను నమ్మవద్దు

తుపాను మోడళ్లలో అందరి కళ్లూ కేంద్రం ఎక్కడ తీరం దాటుతుందన్న దాని మీదే ఉంటాయి. ఒకే మోడల్‌ను చిన్నచిన్న తేడాలతో పలుమార్లు నడిపితే వచ్చే గుంపును ఎన్‌సెంబుల్ అంటారు. ఐరోపా గుంపులో 51, అమెరికా గుంపులో 31 లెక్కలు ఉంటాయి. ఆ గీతలన్నీ కాకినాడ నుంచి పూరీ దాకా విసనకర్రలా విచ్చుకుని ఉంటే ఇంకా ఎవరికీ తెలియదని అర్థం. బారువ చుట్టూ బిగుసుకుంటే సిద్ధం కావాలి. పది రోజుల ముందు ఒకే ఒక్క లెక్కలో కనిపించిన భీకర తుపాను బొమ్మను దయచేసి ఎవరికీ పంపకండి. మత్స్యకారుల ఇళ్లలో అది అనవసరమైన భయం నింపుతుంది, అది రాకపోతే తర్వాత నిజంగా వచ్చే హెచ్చరికను నమ్మేవారు తగ్గిపోతారు.

2021 డిసెంబరులో జవాద్ తుపాను మన తీరానికి దగ్గరగా వస్తుందని అంచనా వేశారు. అది దారి మార్చుకుని, సముద్రంలోనే బలహీనపడి పూరీ వైపు వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది, అయినా విశాఖపట్నం జలమయమైంది. కేంద్రం ఒకచోట, వాన మరోచోట. అందుకే గీత పక్కన వాన పటం కూడా పెట్టుకుని చూడాలి.

గాలి విషయంలో కేంద్రానికి ఏ పక్కన ఉన్నారన్నదే ప్రధానం. పడమర దిక్కుగా కదిలే తుపానుకు ఉత్తరం వైపు గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, ఉప్పెన భయం అటే. దక్షిణం వైపు నేల నుంచి సముద్రానికి వీస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. తుపాను దగ్గరవుతున్నప్పుడు కరెంటు, సిగ్నలు పోయినా కేంద్రం మీకు ఏ పక్కగా పోతోందో సొంతంగా గమనించవచ్చు. గాలి ఉత్తరం నుంచి పడమరకు, ఆపై నైరుతికి తిరిగితే కేంద్రం మీకు ఉత్తరంగా పోతోంది. ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆగ్నేయానికి తిరిగితే దక్షిణంగా పోతోంది. హోరు ఒక్కసారిగా ఆగిపోతే మాత్రం బయటికి రాకండి. అది తుపాను కన్ను కావచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా వస్తుంది.

తొమ్మిదో మెట్టు: మన ఊళ్లో పడని వాన

నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి మన దగ్గర సముద్రంలో కలుస్తాయి. శ్రీకాకుళంలో చినుకు లేకపోయినా రాయగడ, గజపతి జిల్లాల్లో కుండపోతగా కురిస్తే నదులు పొంగుతాయి. కాబట్టి మోడల్ వాన పటం తెరిచినప్పుడు మీ ఊరి దగ్గరే ఆగకుండా వేలిని పైకి, కొండల మీదికి జరపండి. 24 గంటల మొత్తంలో 115 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ లెక్కలో అతి భారీ వర్షం, 204 దాటితే అత్యంత భారీ వర్షం. ఆ రంగు నది ఎగువన పెద్ద ప్రాంతాన్ని కప్పితే హిరమండలంలోని గొట్టా బ్యారేజీ, తోటపల్లి బ్యారేజీల నీటి విడుదల సమాచారం వెంటనే వెతకండి. వాన ఆగిన తర్వాత కూడా పైనుంచి నీరు వస్తూనే ఉంటుంది.

పదో మెట్టు: వానమాపకం, నోటుపుస్తకం

ఒక ప్లాస్టిక్ వానమాపకం కొనండి. లేదంటే అంచులు నిటారుగా ఉన్న డబ్బాను ఇంటికీ చెట్లకీ దూరంగా పెట్టి స్కేలుతో లోతు కొలవండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. వాతావరణ శాఖ రోజు లెక్క ఉదయం 8:30తో ముగుస్తుంది, మీరూ అదే వేళకు కొలిస్తే పోల్చుకోవడం తేలిక.

పుస్తకంలో ఎక్కువ గళ్లు వద్దు. తేదీ, ముందురోజు రాత్రి రెండు మోడళ్లు చెప్పిన వాన, రాడార్‌లో మీ ఊరి మీద కనిపించిన గరిష్ఠ అంకె, నిజంగా పడిన వాన, గాలి వచ్చిన దిక్కు. ఏ మోడల్ మీ ఊరికి ముసురును ఎక్కువ చెబుతుందో, ఏది ఉరుములవానను వదిలేస్తుందో, రాడార్‌లో 45 కనిపిస్తే మీ డబ్బాలో ఎంత నిండుతుందో ఆ పుస్తకమే చెబుతుంది. పడని వానను కూడా రాయండి. మోడల్ 30 మిల్లీమీటర్లు చెప్పి సున్నా పడిన రోజును రాయకపోతే లెక్క ఒకవైపే మొగ్గుతుంది. జూన్‌లో మొదలుపెడితే నైరుతి రుతుపవనాలు, అక్టోబరు, నవంబరు తుపానులు రెండూ ఒకే పుస్తకంలో పడతాయి, వరి కోతలనాటికి దాన్ని తిరగేసి చూసుకోవచ్చు.